మధురపూడిలో మొదటి ముద్ద

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదివేవాళ్ళు నన్నేదో ఉత్తమ ఇల్లాలనుకుని, సగానికొచ్చాక మొహం చిట్లిస్తారు. నాది నగల మీదా చీరల మీదా అసూయ కాదు. రాజమండ్రి పక్కన మధురపూడిలో ఉన్న విమానాశ్రయం మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దానికి పది నిమిషాల దూరంలో కాపురముంటున్న నా తోటికోడలి మీద.

మాది మలికిపురం. నేను ఇక్కడి బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన కువైట్‌లో టైల్స్ పరిచే పని చేస్తారు. పెళ్ళయిన మూడో ఏడు వెళ్ళారు. ఏడాదికొకసారి, మా బడికి వేసవి సెలవులిచ్చాక, నలభై రోజుల కోసం వస్తారు. ఆ నలభై రోజులే నా కాపురం. మిగతా ఏడాదంతా ఫోన్లో టోపీ పెట్టుకున్న ఒక ముఖం, "తిన్నావా, తిన్నాను" అనే రెండు ముక్కలూను.

మా వైపు గడపకొకరు గల్ఫ్‌లో ఉంటారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, నర్సులు, ఇళ్ళల్లో పిల్లల్ని చూసే ఆడవాళ్ళు. మరి ఎయిర్‌పోర్టు ఎక్కడుంది? గోదావరి దాటి, హైవే ఎక్కి, రాజమండ్రి కూడా దాటాక. మా నేలంతా కాలువలూ కొబ్బరితోటలూను. విమానం దిగాలంటే తోటలు కొట్టాలి, తోటలు కొడితే మేం తినేదేమిటి? ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఓర్చుకోవాలని ఏముంది? ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ మావాళ్ళు, ఎయిర్‌పోర్టు మాత్రం వాళ్ళది.

పూర్వం అందరం సమానంగా కష్టపడేవాళ్ళం. మనిషి గల్ఫ్ నుంచి హైదరాబాదులో దిగితే, తీసుకురావడానికి ఇంటిల్లిపాదీ రైలెక్కి వెళ్ళేవాళ్ళం. అట్టపెట్టెలకి తాళ్ళు కట్టుకుని, స్టేషన్లో దుప్పటి పరుచుకుని, మళ్ళీ రైలెక్కి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి చేరేసరికి సెలవులో రెండు రోజులు దారిలోనే పోయేవి. అప్పుడు కూడా ఏడ్చేదాన్ని గానీ, ఆ రెండు రోజులూ ఆయన నా పక్కనే ఉండేవారు. రైల్లో నా క్యారేజీలోదే తినేవారు.

తర్వాత మధురపూడికి విమానాలు పెరిగాయి. హైదరాబాదులో తెల్లవారుజామున దిగినవాడు ఇంకో విమానం మారితే, పొద్దున్నే మధురపూడిలో ఉంటాడు. మా ఊళ్ళో దానివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. మా వీధిలో ఒకావిడ కూతురు మస్కట్‌లో నర్సు. తండ్రికి ఉన్నట్టుండి జబ్బు చేస్తే, కబురందిన మర్నాడే వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆయన కూతురి చేతి గంజి తాగి మరీ కోలుకున్నాడు. మా ఊరి ఆడవాళ్ళకి ఏ విమానం ఎన్నింటికి దిగుతుందో బస్సు టైముల కన్నా బాగా తెలుసు. ఇవన్నీ నేను కాదనను.

కానీ మధురపూడిలో మా మరిది ఇల్లుంది. మరిదికి కోరుకొండలో ఎరువుల కొట్టు. అతని భార్య నాకన్నా ఏడేళ్ళు చిన్నది. మంచి మనిషే, అదే నా బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. విమానం దిగిన మా వాళ్ళందరూ ముందు వాళ్ళింటికే వెళతారు. ఆవిడ వేణ్ణీళ్ళు పెడుతుంది, టిఫిన్ పెడుతుంది. బస్సెక్కేవాళ్ళని బస్సెక్కిస్తుంది, వ్యాను రావాల్సినవాళ్ళని వరండాలో కూర్చోబెట్టి కబుర్లు చెబుతుంది. వెళ్ళేవాళ్ళు కూడా అంతే. పొద్దుటి విమానానికి మలికిపురం నుంచి బయల్దేరితే అందుకోలేమని ముందురోజే ఆవిడ ఇంట్లో దిగిపోతారు. మా ఊరి చుట్టాలకి ఆవిడ ఇల్లు సత్రమైపోయింది. సత్రం నడిపేవాళ్ళకి పేరొస్తుంది కదా.

ఆ పేరు ఎక్కడ వినపడుతుందంటే, మా చర్చిలో. గల్ఫ్ నుంచి క్షేమంగా వచ్చినవాళ్ళు మొదటి ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం మా అలవాటు. దేవుడు సముద్రాలు దాటించాడనీ, యజమానికి మంచి మనసిచ్చాడనీ చెప్పి, చివర్న, "మధురపూడిలో మన అమ్మాయిగారు నన్ను సొంత చెల్లెల్లా చూసేరండి, ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి" అంటారు. సంఘమంతా ఆమెన్ అంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ చర్చిలో ఆదివారం బడి నడుపుతున్నది నేను. స్త్రీల సమాజానికి కార్యదర్శిని నేను. నా పేరు ఒక్కసారి కూడా సాక్ష్యంలోకి రాలేదు. నేను కూడా ఆమెన్ అంటాను, అందరికన్నా కొంచెం గట్టిగానే అంటాను, ఎవరూ అనుమానించకుండా.

ఇదంతా ఎలాగో మింగేదాన్ని. మింగలేనిది మా ఆయన సంగతి. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా దిగే మనిషి, మా ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నడుమ అన్ని గంటలూ తోటికోడలింట్లో. స్నానం అక్కడే, మొదటి ముద్ద అక్కడే, నిద్రా అక్కడే. మా ఇంటికొచ్చేసరికి తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినవాడిలా దిగేవారు. నేను పొద్దుట్నుంచీ వండినవి చూసి, "ఆకలి లేదే, అక్కడ తినేశాను" అనేవారు. వెళ్ళేటప్పుడూ అదే. ముందురోజు మధ్యాహ్నమే బయల్దేరి వెళ్ళిపోయేవారు. నలభై రోజుల్లో మొదటి రోజూ చివరి రోజూ ఆవిడవి. నడిమి రోజులు నావి. ఏడాదంతా ఎదురుచూసేది నేను, మొదట చూసేది ఆవిడ.

దానికి తోడు ఆయనలో మార్పులు కూడా కనిపించడం మొదలైంది. చర్చిలో మగవాళ్ళంతా జంపఖానా మీద కూర్చుంటే, ఈయన వెనక ముసలివాళ్ళ కోసం వేసిన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంట్లో భోజనానికి పీట వద్దు, బల్ల కావాలన్నారు. ఒక సెలవులో బాత్రూములో వెస్ట్రన్ కమోడ్ పెట్టించారు. తోటికోడలింట్లో అచ్చం అలాంటిదే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బాత్రూముకి టైల్స్ వేయడానికి తాటిపాక నుంచి ఇంకో మేస్త్రీని పిలిపించి, తాను కుర్చీ వేసుకుని కూర్చుని చూశారు.

"దేశమంతా టైల్స్ పరిచి, సొంత బాత్రూముకి కూలి మనిషిని పెట్టుకున్నారేంటండీ? దొరగారైపోయేరా?" అన్నాను, ఆ మేస్త్రీ వినేలాగే.

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే అనుకున్నాను.

ఈ వేసవికి తెగించాను. ఈసారి ఆయన్ని మొదట చూసేది నేను, మొదటి ముద్ద పెట్టేది నేను. గల్ఫ్ నుంచి మనిషి వచ్చాక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం మాకు ఆనవాయితీ. పాస్టరు గారు వాక్యం చెబుతారు, పాటలు పాడతారు, అందరికీ భోజనాలు పెడతాం. మామూలుగా వచ్చిన నాలుగైదు రోజులకి పెడతారు. నేను ఆయన దిగే రోజే మధ్యాహ్నం రెండింటికి పెట్టేశాను. పాస్టరు గారు, "ప్రయాణపు బడలిక ఉంటుంది కదమ్మా, రెండు రోజులు ఆగితే?" అన్నారు.

"ఆయనే పెట్టమన్నారండి" అన్నాను. మొదటి అబద్ధం పాస్టరు గారితోనే అయింది.

రెండోది తోటికోడలితో. "ఈసారి విజయవాడ మీదుగా వస్తున్నారమ్మా. నేరుగా ఇంటికొచ్చేస్తారు, మీరు రావక్కర్లేదు" అని ఫోన్ చేసి చెప్పాను. "అలాగాండీ అక్కా, అంత దూరం కారులోనాండీ?" అని ఏదో అడగబోయింది. గంట కొట్టారని చెప్పి పెట్టేశాను. సెలవుల్లో బడి గంటేమిటని ఆవిడకి తట్టలేదో, తట్టినా ఊరుకుందో తెలియదు.

మూడోది ఆయనతో. కువైట్‌లో విమానమెక్కబోయే ముందు ఫోన్ చేసినప్పుడు చెప్పాను. "మరిది వాళ్ళు తునిలో పెళ్ళికెళ్ళేరంటండి. నేనే వ్యాను తీసుకుని వస్తన్నాను."

"నువ్వెందుకే ఎండలో? వ్యాను పంపితే చాలు. లేకపోతే నేనే ఏదోటి మాట్లాడుకుని వస్తాలే" అన్నారు.

"ఏం, నేనొస్తే వచ్చే నష్టమేంటండీ?"

"నష్టమని కాదు..." అంటుండగానే లైను పోయింది. ఇక్కడి సిమ్ము నా బీరువాలోనే ఉంటుంది గనక మళ్ళీ దిగేదాకా ఆయనతో మాట కుదరదు. ఆ తడబాటు విన్నాక నాకు ఇంకా పట్టుదల పెరిగింది. నేను రావడం ఇష్టం లేదన్నమాట.

తెల్లవారకముందే లేచి చింతచిగురు ఎండురొయ్యలు వండాను. కొబ్బరి పచ్చడి నూరాను, ఆయనకిష్టమని గట్టిపెరుగు తీశాను. నాలుగు గిన్నెల క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కాను. రాజోలు, తాటిపాక, కొత్తపేట, రావులపాలెం. దారి పొడుగునా డ్రైవరు ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం తోటికోడలికి ఈ సంగతి తెలిసినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందా అని ఊహించుకుంటూ కూర్చున్నాను. గోదావరి వంతెన మీదికొచ్చేసరికి ఆ ఊహకే కడుపు నిండిపోయింది.

ఎయిర్‌పోర్టు చిన్నది. హైదరాబాదులో లాగా మనిషి తప్పిపోయేంత లేదు. కమ్మీల అవతల అద్దాల తలుపు, తలుపులోంచి చూస్తే సామాను తిరిగే బెల్టు కూడా కనపడుతుంది. ఎదురుచూసేవాళ్ళలో సగం మా వైపు వాళ్ళే. కొత్తపేట నుంచి వచ్చిన ఒక కుటుంబం పూలదండ పట్టుకుని నిలబడింది. అంబాజీపేట ఆవిడెవరో పలకరించి, ఎవరు వస్తున్నారని అడిగి, "మీ తోటికోడలు గారు రాలేదాండీ? ఎప్పుడూ ఇక్కడే కనపడతారు" అంది. ముక్కూమొహం తెలియని మనిషి కూడా! "రాలేదండి" అని మొహం తిప్పుకున్నాను.

విమానం దిగింది. కాసేపటికి జనం బయటికి రావడం మొదలైంది. సూటు వేసుకున్నవాళ్ళు, చంటిపిల్లలవాళ్ళు, పెట్టెలు తోసుకుంటూ మన మగవాళ్ళు. నేను క్యారేజీ పట్టుకుని కమ్మీకి ఆనుకుని మునివేళ్ళ మీద నిలబడ్డాను. ఒకతను చక్రాల కుర్చీలో ఎవరో పెద్దాయన్ని తోసుకొస్తున్నాడు. పాపం అనుకుని, ఆ కుర్చీ వెనక మా ఆయన కోసం చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చూస్తే ఆ కుర్చీలో మనిషి ఒళ్ళో ఉన్న బ్యాగుకి నా పాత ఎర్ర చీర పేలిక కట్టి ఉంది. బెల్టు మీద సామాను గుర్తుపట్టడానికని నేనే కట్టి పంపిన పేలిక. ముందు పేలికని గుర్తుపట్టాను, తర్వాత మనిషిని.

టోపీ లేదు. రంగు వెయ్యని తల ముగ్గుబుట్టలా ఉంది. గడ్డం మాసి ఉంది. రోజూ ఫోన్లో చూసే ముఖమే అది, కానీ కింద ఒక శరీరం ఉందనీ, అది కూర్చుని వస్తోందనీ నాకు అంతదాకా తెలియదు.

ఆయన నన్ను చూసి వెంటనే లేవబోయారు. కుర్చీ తోసే అతను, నడివయసువాడు, భుజం మీద చెయ్యేసి ఆపాడు. "వద్దండీ సారూ, కారొచ్చేక లేద్దురుగాని." నా వైపు తిరిగి, "మీరు సారుగారి తాలూకాండీ? తమ్ముడు గారూ అమ్మగారూ రాలేదేంటండీ ఈసారి? ఆవిడైతే కారు ఇక్కడి దాకా తెప్పించేస్తారండి, దిండు కూడా తెచ్చుకుంటారు" అన్నాడు.

"నేను ఆయన భార్యనండి" అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

"ఆయ్, అలాగాండీ" అన్నాడతను. పాపం, ఎటు చూడాలో తెలియక కుర్చీ చక్రం వైపు చూశాడు.

మా ఆయన దొంగతనం బయటపడ్డ మనిషిలా తల వంచుకున్నారు. నేనూ దొంగనే గనక నిలదీయకుండా వ్యాను తెప్పించాను. దాని మెట్టు నా మోకాలంత ఎత్తుంది. ఆయన ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి డ్రైవరు భుజం మీద వేసి కాలెత్తారు. కాలు సగం దాకా లేచి ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ ఎత్తారు. నుదుటి మీద చెమటలు పట్టేశాయి. ఇద్దరూ పట్టుకుని మళ్ళీ చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టారు.

"మోకాళ్ళాండీ?" అన్నాను.

"ఆ."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు. రోజంతా మోకాళ్ళ మీద చేసే పని కదా. అరిగిపోయేయంటున్నారు. విమానంలో కూర్చుని వస్తే పూర్తిగా పట్టేస్తాయి. తమ్ముడింట్లో కాపడం పెట్టుకుని, మాత్రేసుకుని పడుకుంటే సాయంత్రానికి నడవగలను" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ వెళ్ళనిచ్చేదానివా?"

వెళ్ళనిచ్చేదాన్ని కాదు. అందుకని నాకు చెప్పలేదు. మా గుమ్మంలోకి తన కాళ్ళ మీద నడిచి రావడం కోసం ఆయన ఏడాదికొకసారి పూటంతా వేరే ఇంట్లో కష్టపడేవారు. నేను ఆ పూట కోసం మూడేళ్ళుగా ఏడ్చుకున్నాను. కుర్చీ మీద కూర్చుంటే దొరతనమన్నాను, కమోడ్ పెట్టిస్తే తోటికోడలి పిచ్చన్నాను. ఆ మేస్త్రీ ముందు అన్న మాట కూడా గుర్తొచ్చింది.

ఇంటి దగ్గర పాస్టరు గారూ, సంఘమంతా వస్తారు. డేగిసాలు పొయ్యి మీదున్నాయి. మూడు గంటల దారి, ఎత్తు మెట్టున్న వ్యాను, నొప్పితో మనిషి. ఆ కుర్చీ తోసేవాడు గంట నుంచీ మా కోసం నిలబడ్డట్టు అనిపించింది గానీ, ఐదు నిమిషాలు కూడా అయివుండదు. పెద్ద ఎయిర్‌పోర్టులో అయితే కుర్చీ అక్కడ వదిలేసి వెళ్ళిపోయేవారేమో. అతను మాత్రం, "అమ్మగారికి ఫోన్ చెయ్యండి మేడంగారూ, ఇక్కడే కదా" అన్నాడు. అతనికి కూడా తెలుసు ఎవరికి చెయ్యాలో.

నా జీవితంలో అంత బరువైన ఫోను ఎప్పుడూ చేయలేదు.

"అమ్మా, నేను. ఎయిర్‌పోర్టులో ఉన్నాం."

"ఎక్కడండీ, విజయవాడలోనాండీ?"

"కాదు. ఇక్కడే. మధురపూడిలో. మీ బావగారు వ్యానెక్కలేకపోతున్నారు."

"విజయవాడన్నారు కదక్కా" అంది. అంతే, ఒక్కసారే అంది. "కుర్చీలోంచి లేవనియ్యకండక్కా. పది నిమిషాలు. వస్తన్నాం" అని పెట్టేసింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. మరిది కారు సీటు వెనక్కి జరిపి, అన్నగారిని రెండు చంకల కిందా పట్టుకుని, ఒకే ఊపులో కూర్చోబెట్టాడు. ఎంత అలవాటుగా చేశాడంటే, ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. తోటికోడలు వెనక సీట్లోంచి దిండు తీసి ఆయన మోకాళ్ళ కింద పెట్టింది. "బావగారూ, మాత్రేసుకున్నారాండీ? పొద్దున ఏవైనా తిన్నారా? ఖాళీ కడుపుతో వెయ్యకూడదండీ ఆ మాత్ర." నేను పక్కన నిలబడ్డాను, క్యారేజీ పట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినదానిలా. అసూయ తగ్గి ఉంటుందని మీరనుకుంటారు. తగ్గలేదు. అన్నాళ్ళూ మొదటి ముద్ద మీద ఉన్న మంట అప్పుడు ఆ మాత్ర మీదికి మారింది. దాని పేరు ఆవిడకి తెలుసు, నాకు తెలియదు.

వ్యానుని వెనకే రమ్మని, కారులో తోటికోడలి పక్కన కూర్చుని పాస్టరు గారికి ఫోన్ చేశాను. "కూడిక సాయంత్రానికి మార్చండయ్యగారూ. ఆయనకి ఒంట్లో బాగోలేదు. పెట్టమన్నది ఆయన కాదండీ, నేనే" అన్నాను. పాస్టరు గారు, "మంచిదమ్మా, వచ్చినవాళ్ళకి నేను చెప్తాను. పాటలు పాడుకుంటూ ఉంటాం, నిదానంగా రండి" అన్నారు. తోటికోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. విననట్టు కూర్చోవడం కూడా ఆవిడకి బాగానే వచ్చు.

ఆ ఇంటికి నేను వెళ్ళి నాలుగేళ్ళవుతోంది. వరండా నిండా కుర్చీలు. ఒక మూల తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కరుతో రాసిన మా ఊళ్ళ పేర్లు. ఎవరో వదిలేసిన పిల్లల చెప్పులు, ఎవరో మర్చిపోయిన గొడుగు. మలికిపురం సగం అక్కడే ఉన్నట్టుంది. ఆయన వస్తున్నారని తెలియదు గనక ఆ రోజు ఆవిడ ఏమీ వండలేదు. పొద్దుటి ఇడ్లీలు రెండు మిగిలాయట. "ఏం పెట్టనక్కా ఇప్పుడు?" అని కంగారు పడింది. నేను క్యారేజీ బల్ల మీద పెట్టాను.

అలా మొదటి ముద్ద నాదే అయింది. చింతచిగురు కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన, "బాగుందే" అన్నారు. మూడేళ్ళుగా ఆ మాట కోసం కాచుక్కూర్చున్నాను. తీరా వినేసరికి నా కళ్ళు ఆయన మొహం మీద లేవు, బల్ల కింద ఉన్న కాళ్ళ మీద ఉన్నాయి. రెండు మోకాళ్ళూ వాచి, మరిది ఇచ్చిన లుంగీ కింద రెండు కొబ్బరి బొండాల్లా ఉన్నాయి. నడిమి రోజులు నావి అనుకున్నాను గానీ, ఆ నడిమి రోజుల్లో కూడా నేను వాటిని ఒక్కసారీ సరిగా చూడలేదు. లైటు ఆర్పేశాకే ఆయన ఫ్యాంటు మార్చుకునేవారని అప్పుడు తట్టింది.

భోజనమయ్యాక మరిది వేడినీళ్ళ సంచీ తెచ్చాడు. ఆయన గోడ వైపు చూడకుండానే చెయ్యి చాచి మేకుకున్న తువ్వాలు తీసుకున్నారు. మంచం మీద కాళ్ళు చాపారు. కాపడం అయ్యాక మరిది నూనె గిన్నె అందుకుంటుంటే, "ఇటివ్వండి, నేను రాస్తాను" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది. మరిది గిన్నె నా చేతిలో పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు.

"ఇంక వెళ్ళొద్దండి" అన్నాను, నూనె అరచేతిలో పోసుకుంటూ.

"తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత కాదు. ఇప్పుడే. ఈ నలభై రోజులయ్యాక మళ్ళీ ఎక్కేది లేదు. మన చిన్నమ్మాయికి హాస్టల్లో ఇంకో రెండేళ్ళ చదువుంది, నా జీతం ఉంది, చూసుకుంటాం."

ఆయన కాలు ఇంకొంచెం నా వైపు జరిపారు, అంతే. ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన పక్కగదిలోనే ఉన్నారు, రోజూ అదే వాదన. ఆ రోజు మాత్రం నేను మోకాలి చిప్ప మీద చెయ్యేసి, పిండి కలిపినట్టు గట్టిగా రుద్దడం మొదలుపెట్టాను. ఆయన మొహం ముడుచుకున్నారు.

"అక్కడ కాదే."

కొంచెం కిందికి జరిపాను. "ఇక్కడాండీ?"

"కాదు. అబ్బ... ఉండు."

పైకి జరిపాను. పక్కకి జరిపాను. పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. ఆయనకి కూరలో ఉప్పెంత కావాలో తెలుసు, ఏ పాటకి కళ్ళు తడి అవుతాయో తెలుసు, నిద్రలో ఏ పక్కకి తిరుగుతారో తెలుసు. నొప్పి ఎక్కడుందో నా చేతికి తెలియలేదు. నుదురు మీది చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేక, దిక్కు తోచక కూర్చున్నాను.

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. తోటికోడలు ఇవతలికి రాలేదు. అక్కణ్ణుంచే, చాలా మెల్లగా, చెప్పాలా వద్దా అన్నట్టు చెప్పింది.

"లోపలివైపండక్కా. చిప్ప కింద, ఎముక పక్కన చిన్న గుంటలాగ ఉంటాది. మీ మరిది ఎప్పుడూ అక్కడే రాస్తారండి."

బొటనవేలు లోపలివైపుకి జరిపాను. గుంట దొరికింది. మెల్లగా నొక్కాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆయ్," అన్నారు, "అక్కడే."